వేదిలో మూడవ వంతు, పొలంలో సగం: సరూపక్షేత్రఫల విచారం

నెల్లూరి సీమవారికి తిక్కన సోమయాజి. సోమయాగం చేసినవానికే ఆ పేరు. సోమయాగానికి మహావేది కావాలి. కనుక ఆ మహాకవి యజమానుడై కూర్చున్న నాడు ఎవరో ఒక అధ్వర్యుడు నేలపై శంకువులు నాటి, త్రాడు లాగి, తూర్పున 24, పడమర 30, నడుమ పొడవు 36 ప్రక్రమాలుగా ఒక సమలంబ చతుర్భుజాన్ని గీసి ఉండాలి. మనం తిక్కనగారి కవిత్వాన్ని ఏళ్ళ తరబడి పాఠం చెప్పుతున్నాము. ఆయన పేరులోని సోమయాగాన్ని గురించి ఒక వాక్యం చెప్పి ముందుకు పోతాము. ఆ యాగంలోని త్రాడును గురించి అసలే చెప్పము. ఆ త్రాటిని గురించి నాలుగు మాటలు వ్రాయడమే ఈ వ్యాసోద్దేశం.

తెలుగు వైదికులలో అధికసంఖ్యాకులది ఆపస్తంబ సూత్రం. శ్రౌత, గృహ్య, ధర్మసూత్రాలతోపాటు ఆయన శుల్బసూత్రం కూడ మన వారసత్వమే. అందులో మహావేది ఫలం 972 పదాలని, అంటే వేయికి 28 తక్కువ అని, స్పష్టంగా చెప్పబడినది. అంతటితో ఆపస్తంబుడు ఆగలేదు. ఆ ఫలం ఎట్లు వచ్చినదో కూడ చూపినాడు. దక్షిణపు అంసం నుండి శ్రోణి వైపు నిటారుగా ఒక రేఖ లాగితే, దక్షిణాన ఒక సన్నని లంబకోణ త్రిభుజం విడిపోతుంది. దాని అడుగు 3, పొడవు 36. దానిని తిరగవేసి ఉత్తరపు ప్రక్కన అతికితే 27 వెడల్పు, 36 పొడవు గల దీర్ఘచతురశ్రం ఏర్పడుతుంది. 27ను 36తో గుణిస్తే 972. ఇది సూత్రంలోనే ఉన్న ఉపపత్తి. మన పూర్వులు నియమాలు చెప్పినారే కాని యుక్తులు చెప్పలేదని గణితశాఖలోని మిత్రులు అనేటప్పుడు ఈ ఒక్క సూత్రం చూపితే చాలునని నా నమ్మకం.

అయితే నన్ను ఎక్కువగా ఆకర్షించినది దాని తరువాతి మాట. సౌత్రామణికి వేది సోమవేదిలో మూడవ వంతు ఉండాలి. ఆకారం మారరాదు. తూర్పు, పడమర, పొడవు ఒకదానితో ఒకటి కలిగిన పొత్తు చెడరాదు. ఫలం మాత్రం 972 నుండి 324కు దిగాలి. ఎట్లు?

ఈ ప్రశ్నను విద్యార్థులకు వేసి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది ప్రతి కొలతనూ మూడింట భాగించి 8, 10, 12 అంటారు. లెక్క కట్టి చూడమనండి. 8, 10ల సగటు 9, దానిని 12తో గుణిస్తే 108. అది మూడవ వంతు కాదు, తొమ్మిదవ వంతు. ఆపస్తంబుడు కూడ 8, 10, 12 అనే సంఖ్యలే చెప్పినాడు. కాని ఆ సంఖ్యలకు మానదండంగా పదాన్ని కాక త్రికరణిని పెట్టినాడు. త్రికరణి అనగా మూడు రెట్ల ఫలం గల చతురశ్రానికి భుజం. దానిని రాబట్టడం కష్టం కాదు. ఒక పదం వెడల్పు, ఒక పదపు చతురశ్రానికి కర్ణమైన ద్వికరణి పొడవు గల దీర్ఘచతురశ్రానికి కర్ణమే త్రికరణి. ఆ త్రికరణితో 8, 10, 12 కొలిస్తే ఆ 108 మూడు రెట్లై 324 అవుతుంది. మరొక మార్గం కూడ ఆయనే చెప్పినాడు. 24, 30, 36 అనే సంఖ్యలను కదపకుండా, ప్రక్రమం స్థానంలో తృతీయకరణిని, అంటే మూడవ వంతు ఫలం గల చతురశ్రపు భుజాన్ని, మానంగా పెట్టుకోవచ్చును. రెండు దారులూ ఒకే చోటికి చేరుతాయి. అశ్వమేధంలో వేది ఇనుమడించాలి. అక్కడ ద్వికరణిని మానంగా పెడితే 1944 పదాలు వస్తాయి.

ఇందులో ఉన్నది ఒకటే న్యాయం. ఆకారం ఒకటైన రెండు క్షేత్రాలలో భుజాలు ఏ నిష్పత్తిలో ఉంటే ఫలాలు ఆ నిష్పత్తి వర్గంలో ఉంటాయి. పదో తరగతి పాఠ్యపుస్తకాలలో సరూప త్రిభుజాల వైశాల్యాలు అనే పేరుతో ఉండేది ఇదే. శుల్బకారుడు దీనికి సిద్ధాంతమని పేరు పెట్టలేదు. త్రాడు చేతికి ఇచ్చి, కొలత మార్చి, పని జరిపించినాడు. శుల్బసూత్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం గ్రీకులకు ముందే కర్ణసిద్ధాంతం మనకు తెలుసునని సభలలో చెప్పుకొని తృప్తి పడుతున్నాము. ఎవరు ముందు అన్న తగవు కంటె ఈ మూడవ వంతు వేది గొప్పదని నేను అంటాను. కర్ణం లెక్క ఒక వాక్యంలో చెప్పవచ్చును. ఆకారాన్ని నిలిపి ఫలాన్ని మార్చడం బుద్ధి పెట్టి ఆలోచించవలసిన విషయం.

ఇప్పుడు దీనిని ప్రస్తావించడానికి కారణం ఉన్నది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2022-23లో పాఠ్యభారం తగ్గించే సందర్భంలో పదో తరగతి గణితంలోని సరూప త్రిభుజాల వైశాల్యాల ప్రకరణాన్ని తొలగించింది. భారం తగ్గించవలసినదేమో కాదేమో ఆ చర్చ నాకు వద్దు. ఆ పుస్తకం చదివి వచ్చిన విద్యార్థి మన ప్రాచ్య కళాశాలలో చేరితే, భుజం సగమైతే ఫలం పావు అవుతుందన్న మాటను అతడు ఎన్నడూ విని ఉండకపోవచ్చును. బడి విడిచిన పాఠం మన సూత్రగ్రంథంలో నిలిచి ఉన్నది. మనం దానిని చెప్పగలమా లేదా అన్నదే నా ప్రశ్న.

సంస్కృత గణితంలో సరూపత్రిభుజాల వ్యవహారమంతా త్రైరాశికం పేరుతో నడిచింది. 629లో మొదటి భాస్కరుడు ఆర్యభటీయానికి వ్రాసిన భాష్యంలో శంకుచ్ఛాయల లెక్కలు, 1150 నాటి లీలావతిలోని ఛాయావ్యవహారం, దీపం ఎత్తు, నీడ పొడవు, అన్నీ ఇదే పద్ధతి. ఇంత నీడకు ఇంత శంకువైతే అంత నీడకు ఎంత అన్న అనుపాతం. కృష్ణపట్నం దగ్గర దీపస్తంభం ఎత్తునైనా, మైపాడు దారిలో తాటిచెట్టు ఎత్తునైనా 12 అంగుళాల శంకువుతో కొలవవచ్చును. దీనిని మనవారు బాగుగానే పాఠం చెప్పుతారు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, త్రైరాశికం నోటికి వచ్చిన విద్యార్థి దానిని పొడవులకు ఎంత ధైర్యంగా వాడుతాడో ఫలాలకు కూడ అంత ధైర్యంగా వాడుతాడు. అక్కడ త్రైరాశికాన్ని రెండుసార్లు వేయాలి, అడుగుకు ఒకసారి, ఎత్తుకు ఒకసారి. ఈ రెండవసారి సంగతి గురువు నోట వినకపోతే శిష్యునికి తట్టదు.

లీలావతి క్షేత్రవ్యవహారంలో రెండు వెదుళ్ళ లెక్క విజ్ఞులకు విదితమే. 15 హస్తాల వెదురు ఒకటి, 10 హస్తాల వెదురు ఒకటి. ఒకదాని కొన నుండి రెండవదాని మొదటికి రెండు సూత్రాలు కట్టితే అవి కలిసే చోటి ఎత్తు ఎంత? 15ను 10తో గుణించి, వాటి కూడిక 25తో భాగిస్తే 6. వెదుళ్ళ మధ్య దూరం ఎంతైనా ఈ 6 మారదు. నేను పాఠశాలలో చదివిన నాళ్ళలో మా గురువుగారు ఈ శ్లోకాన్ని వల్లె వేయించి, ఇసుకలో గీసి చూపి, దూరం మార్చి మళ్ళీ గీయించేవారు. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

భాస్కరాచార్యుడు ఇక్కడ ఎత్తునూ ఆబాధలనూ అడిగినాడు. ఫలాన్ని అడగలేదు. మనం అడగవచ్చును. మధ్యదూరం 5 హస్తాలనుకొంటే, వెదుళ్ళ కొనలను కలిపే మరొక సూత్రం కట్టితే, మొత్తం క్షేత్రఫలం అరువదిరెండున్నర చదరపు హస్తాలు. రెండు సూత్రాలు దానిని నాలుగు త్రిభుజాలుగా కోస్తాయి. 15 హస్తాల వెదురును ఆనుకొన్నదాని ఫలం ఇరువదిరెండున్నర. 10 హస్తాల వెదురును ఆనుకొన్నదాని ఫలం 10. ఈ రెండూ సరూపాలు. భుజాలు 3కు 2 చొప్పున ఉన్నవి కనుక ఫలాలు 9కి 4 చొప్పున ఉన్నవి. క్రింది త్రిభుజం 15, పై త్రిభుజం 15. చూచుటకు వేరువేరు ఆకారాలైనా ఆ రెండూ సమఫలాలు. పైగా ఆ పదునైదు వర్గం ఇరువదిరెండున్నర, పదుల గుణకారానికి సరిగా సమానం. ఒక్క శ్లోకంలోని బొమ్మ నుండి ఇంత పాఠం పిండవచ్చును. మన ప్రశ్నపత్రాలు మాత్రం శ్లోకానికి ప్రతిపదార్థం వ్రాయుమని అడుగుతాయి.

ఇక పొలం మాట. పెన్నా డెల్టాలో, బకింగ్‌హాం కాలువ దాపున, కయ్యలన్నీ నలుపలకలుగా ఉండవు. కాలువ వంపు ఒక వైపు, మురుగు కాలువ ఒక వైపు నొక్కగా మూడుమూలల ముక్కలు మిగులుతాయి. అట్టి ముక్కను అన్నదమ్ములు ఇద్దరు పంచుకోవాలి. శీర్షం నుండి అడుగు మధ్యకు గీత గీస్తే సగం సగమే వస్తుంది. ఆ లెక్క అందరికీ తెలుసు. కాని ఆ గట్టు నేలవాలును ఏటవాలుగా కోస్తే రెండు ముక్కలలోనూ నీరు నిలువదు, మడి మళ్ళీ చదును చేయాలి. నేలవాలు శీర్షం నుండి అడుగు వైపుకే ఉన్నచోట గట్టు అడుగుకు సమాంతరంగా పోవడమే సుకరం. అప్పుడు శీర్షం నుండి ఎంత దూరంలో గట్టు వేయాలి? ఎత్తులో సగం దగ్గర అని చటుక్కున అనేవారే ఎక్కువ. సగం దూరం, సగం పొలం అని మనస్సు చెప్పుతుంది.

లీలావతిలో 13, 14, 15 భుజాల త్రిభుజం ఉన్నది. అడుగు 14, లంబం 12, ఫలం 84. దానినే పదింతలు చేసి గజాలలో చూడండి. భుజాలు 130, 150 గజాలు, అడుగు 140, లంబం 120. ఫలం 8400 చదరపు గజాలు. సెంటుకు 48.4 చదరపు గజాల చొప్పున సుమారు 173న్నర సెంట్లు. లంబంలో సగం దగ్గర, 60 గజాల వద్ద, గట్టు వేస్తే శీర్షం వైపు వానికి వచ్చేది 2100 చదరపు గజాలు, 43 సెంట్ల పైచిలుకు. రెండవవానికి 6300, సుమారు 130 సెంట్లు. ఒకనికి పావు, ఒకనికి ముప్పావు. పత్రంలో మాత్రం చెరిసగం అని ఉంటుంది.

సరియైన స్థానాన్ని శుల్బకారుని త్రాడు చెప్పుతుంది. లంబంలో సగమైన 60 గజాలను భుజంగా తీసికొని చతురశ్రం గీసి దాని కర్ణాన్ని కొలవండి. శీర్షం నుండి అంత దూరంలో గట్టు వేస్తే ఫలం సరిగా సగం. త్రాడుతో కాక అంకెలతో కావాలంటే బౌధాయన ఆపస్తంబ కాత్యాయనులు ముగ్గురూ చెప్పిన సవిశేషం ఉన్నది. 60కి దాని మూడవ వంతు 20 కలపాలి. ఆ ఇరువదిలో నాలుగవ వంతు 5 కలపాలి. 85 అయినది. ఆ అయిదులో ముప్పదినాలుగవ వంతు, అంటే అయిదు అంగుళాల పైచిలుకు, తీసివేయాలి. అంతే. 85 గజాల దగ్గరనే ఆగితే శీర్షం వైపు ముక్క సగం కంటె 14న్నర చదరపు గజాలు, సెంటులో మూడు పాళ్ళు పదింట, ఎక్కువ వస్తుంది. ఆ అయిదంగుళాలూ తీసివేస్తే మిగిలే దోషం సుమారు పదహారు చదరపు అంగుళాలు. ఒకటిమూడువంతుల ఎకరంలో ఒక తమలపాకంత. ఏ దాయాదులూ దానికోసం కచేరీకి పోరు.

లంబం కనుగొనే శ్రమ కూడ అక్కరలేదు. రెండు ప్రక్క భుజాలపై ఇదే ద్వికరణీలెక్క వేసి, శీర్షం నుండి గుర్తులు పెట్టి, ఆ గుర్తులను కలిపినా అదే గట్టు వస్తుంది. సరూపత వలన కలిగే సౌలభ్యం ఇది. (దాయాది అన్నాను కనుక ఒక మాట. త్రిభుజాకారమైన ప్రౌగచితిని వేదం భ్రాతృవ్యుడు కలవానికి విధించింది. దానిని కట్టే పద్ధతి కూడ ఫలసంబంధమైనదే. చితి ఫలానికి రెండింతలైన చతురశ్రం గీసి, తూర్పు భుజం మధ్య నుండి పడమటి మూలలకు రెండు త్రాళ్ళు లాగితే కావలసిన ఫలం గల త్రిభుజం వస్తుంది. భ్రాతృవ్య శబ్దానికి దాయాది అని, శత్రువు అని రెండర్థాలూ ఉండడం ఊరికే కాదనిపిస్తుంది.)

గ్రామాలలో మోటు లెక్క కూడ పాతదే. ఎదురెదురు భుజాల సగటులను గుణించడం స్థూలఫలమని 628లోనే బ్రహ్మగుప్తుడు వేరుచేసి చెప్పి, సూక్ష్మఫలానికి వేరొక మార్గం ఇచ్చినాడు. ఆ స్థూలమార్గంలో పై త్రిభుజానికి 84కు బదులు 98 వస్తుంది, ఆరవ వంతు ఎక్కువ. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో క్షేత్రగణితాన్ని వ్యావహారికమని, సూక్ష్మమని రెండుగా నడిపినాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెనిగించినాడు. తెలుగులో శాస్త్రగ్రంథాల వరుసలో మొదట నిలిచే కృతి అది. మల్లనను మన సాహిత్యచరిత్రకారులు నన్నయ కాలపు కవిగా, కాలనిర్ణయ వివాదానికి ఒక ఆధారంగా చూచినంతగా గణితజ్ఞుడుగా చూడలేదు. తెలుగుశాఖవారు అది గణితమని విడిచిపెట్టినారు. గణితశాఖవారు అది పద్యమని విడిచిపెట్టినారు. ప్రాచ్య కళాశాలలో కాకపోతే ఆ పద్యం, ఆ లెక్క కలిసి చదివేవాడు మరెక్కడ ఉంటాడు?

ఆక్షేపణలు లేకపోలేదు. కొలత శిల్పి పని, మనది మంత్రభాగమని కొందరు పెద్దలు అంటారు. శుల్బం కల్పంలో భాగం, కల్పం వేదాంగం. దానిని అన్యులకు విడిచిపెట్టడానికి మనకు అధికారం ఎవరిచ్చినారో తెలియదు. మరికొందరు దీనికి విరుద్ధంగా సర్వమూ వేదంలో ఉన్నదంటారు. 1965లో వెలువడిన ఒక గ్రంథంలోని పదహారు సూత్రాలను వైదికగణితమని ఊరూరా శిబిరాలలో నేర్పుతున్నారు. ఆ సూత్రాలు మనకు లభ్యమైన వేదవాఙ్మయంలో కానరావు. అవి త్వరగా గుణించడానికి పనికివస్తే రావచ్చును. నిజంగా వేదాంగమైన శుల్బాన్ని అటకపై పెట్టి వాటికి ఆ పేరు ఇవ్వడం మాత్రం న్యాయం కాదు. పూర్వుల మాట ప్రతిదీ నిర్దోషమని మొండికెత్తడమూ అంతే. 499 నాటి ఆర్యభటీయంలో త్రిభుజఫలం చెప్పిన ఆర్యలోనే, త్రిభుజాధారం గల శిఖరఘనానికి అడుగు ఫలాన్ని ఎత్తులో సగంతో గుణించమని ఉన్నది. అది సగం కాదు, మూడవ వంతు. బ్రహ్మగుప్తుడు దానిని సరిగా చెప్పినాడు. ఈ సంగతి విద్యార్థికి చెప్పితే ఆర్యభటునిపై గౌరవం తగ్గదు. తలం నుండి ఘనానికి పోయేటప్పుడు సామ్యం ఎట్లు మోసం చేస్తుందో తెలిసి గౌరవం పెరుగుతుంది.

ఇక ఆధునికుల ఆక్షేపణ. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల పునఃసర్వే డ్రోన్లతో, ఉపగ్రహసంకేతాలతో హద్దులు కట్టింది. త్రాటితో పని ఏమి? యంత్రం ఉన్న హద్దును కొలుస్తుంది. లేని గట్టు ఎక్కడ వేయాలో దానికి ఎవరో చెప్పాలి. అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు కూర్చున్నప్పుడు సగం అంటే ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు ఒక మనిషి ఇవ్వాలి. ఆ మనిషి పంచాంగం చూచి ముహూర్తం పెట్టిన పండితుడే ఎందుకు కారాదు? ఒకనాడు అతడే. సముద్రం వైపు చవుడు తగిలిన పది సెంట్లు, ఎగువ తీపినీటి పది సెంట్లు వెలలో ఒకటి కావు. ఆ తారతమ్యం గణితం తీర్చదు, పెద్దమనుషులే తీర్చాలి. ఫలం సరిగా తెలిసిన తరువాత వెల మాట్లాడుకోవడం సులభం.

నేను కోరేది కొత్త శాఖ కాదు, కొత్త పదవులు కావు. విద్వాన్, శాస్త్రి తరగతులలో ఏదో ఒక పత్రంలో లీలావతి క్షేత్రవ్యవహారం, ఆపస్తంబ శుల్బంలో మొదటి పటలాలు, మల్లన క్షేత్రగణితం కలిపి ఒక భాగంగా పెట్టాలి. వ్యాఖ్యానాలకు కొదవ లేదు. ఆపస్తంబ శుల్బానికి కపర్దిస్వామి, కరవిందస్వామి, సుందరరాజుల వ్యాఖ్యలు ఉన్నవి. లీలావతికి 1545లో గణేశదైవజ్ఞుడు వ్రాసిన బుద్ధివిలాసిని ఉన్నది. అందులో ఉపపత్తులు ఉన్నవి. పరీక్షలో సగం మార్కులు వ్రాతకు, సగం ఆవరణలో గీసినదానికి ఉండాలి. పదానికి అడుగు చొప్పున పెట్టుకొంటే మహావేది 36 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. ఏ కళాశాల ఆవరణలోనైనా పడుతుంది. దాని ప్రక్కనే సౌత్రామణి వేదిని త్రికరణితో గీయించాలి. దాని పొడవు 20 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాల దాపున వస్తుంది. ముందుగా 12 అడుగుల పొడవుతో తప్పు వేదిని కూడ గీయించి, మూడింటినీ విద్యార్థుల చేత నడిపించి చూపితే చాలు. తొమ్మిదవ వంతు ఎంత చిన్నదో కన్నే చెప్పుతుంది.

ఖర్చు ఒక కొబ్బరిపీచు త్రాడు, ఆరు మేకులు, ఒక బుట్టెడు సున్నం. కోస్తాలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. తెల్లవారుజామున సముద్రపు గాలికి, మంచుకు తడిసిన పీచుత్రాడు కుదించుకొని ఉంటుంది, ఎండ ఎక్కేసరికి సాగుతుంది. గుర్తులు పెట్టిన త్రాటిని పని మొదలుపెట్టేముందు ఒకసారి, ముగించేముందు మరొకసారి ఉక్కుటేపుతో సరిచూచుకోవాలి.